ముందే చెప్పాలి: ఎజిలిటీలో కుక్కకు దారి చూపడం

(ఎజిలిటీ అంటే మనిషి పక్కన పరిగెత్తుతూ దారి చూపుతుంటే కుక్క వరుసగా అడ్డంకులు దాటే ఆట. అది నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. కుక్కలన్నీ నీడలోనే ఉన్నాయి కదా? నీళ్లు పెట్టారా? సరే. కాసేపు వాటిని అక్కడే హాయిగా పడుకోనిద్దాం. ఈ కాసేపు మాట్లాడుకోవలసింది వాటి పక్కన పరిగెత్తే మన గురించి.

ముందు ఒక ప్రశ్న. మీ కుక్క జంప్ దాటింది. మీరు ఎడమకు తిప్పాలనుకున్నారు. అది తిన్నగా వెళ్లి ఎదురుగా ఉన్న టన్నెల్‌లో దూరింది. ఎంతమందికి ఇలా జరిగింది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. అప్పుడు మీరేమన్నారు? "నో" అన్నారు, "అటు కాదు" అన్నారు, లేదా దాని పేరు పెట్టి గట్టిగా అరిచారు. అవునా? ఇప్పుడు రెండో ప్రశ్న. అది ఇంకా ఆ జంప్ దగ్గరికి వస్తూ ఉండగా, గాల్లోకి లేవకముందు, మీ పాదాలు ఎటు చూస్తున్నాయి? ఎవరికైనా గుర్తుందా? ఉండదు. మనం పాదాలను చూసుకోం. కానీ కుక్క చూస్తుంది. వీడియో ఉన్నవాళ్లు ఇంటికెళ్లి వేసి చూడండి. చాలాసార్లు మీ పాదాలు, మీ ఛాతీ, మీ పరుగు అన్నీ ఆ టన్నెల్ వైపే ఉంటాయి. మీ ఒళ్లు ఎటు వెళ్లమందో అది అటే వెళ్లింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కుక్కకు సమాచారం కావాలి, అది ముందే కావాలి. నిర్ణయం తీసుకునేలోపు అందాలి. ఆ తర్వాత ఎంత స్పష్టంగా చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు. ఫ్రంట్ క్రాస్, రియర్ క్రాస్, బ్లైండ్ క్రాస్ అని మనం నేర్చుకునే పేర్లన్నీ సమాచారాన్ని సమయానికి అందించడానికి ఉన్న పద్ధతులే. ఆ సంగతి పట్టుకుంటే పేర్లు మర్చిపోయినా పర్వాలేదు.

ఈ ఆట ఎలా మొదలైందో ఒక్క నిమిషం చెబుతాను, ఎందుకంటే మన కష్టం అక్కడే ఉంది. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షో జరిగినప్పుడు, పోటీలకు మధ్య దొరికే ఖాళీ సమయంలో ప్రేక్షకులను కూర్చోబెట్టడానికి ఒక ప్రదర్శన పెట్టారు. గుర్రాల షో జంపింగ్‌ను చూసి తయారుచేసిన ప్రదర్శన అది. జనానికి ఎంత నచ్చిందంటే 1980 నాటికి బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని ఆటగా గుర్తించింది. సరే, గుర్రాల ఆటను చూసి చేసిన ఆటే అనుకోండి, కానీ తేడా ఎక్కడుంది? గుర్రం మీద మనిషి కూర్చుంటాడు. చేతిలో కళ్లెం ఉంటుంది. తన బరువు, తన కాళ్లు, తన చేతులు గుర్రం ఒంటికి తగులుతూనే ఉంటాయి. మనకు అవేవీ లేవు. పోటీలో లీష్ లేదు. కుక్కను ముట్టుకోకూడదు. చేతిలో ట్రీట్ ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. మరి ఏముంది? మన కదలిక ఉంది, మన గొంతు ఉంది. అంతే. ఆ రెండింటితోనే పదిహేను ఇరవై అడ్డంకుల వరుసను, జడ్జి ఆ రోజే వేసిన కొత్త వరుసను, కుక్కకు చెప్పాలి. అదీ అది పరిగెత్తుతూ ఉండగా.

ఈ రెండింటిలో కుక్క దేన్ని నమ్ముతుంది? మీరే పరీక్షించుకోండి. ఒక జంప్, దాని పక్కనే ఒక టన్నెల్ పెట్టండి. జంప్ వైపు పరిగెత్తుతూ నోటితో "టన్నెల్" అనండి. మాట మీద ప్రత్యేకంగా ఎంతో శిక్షణ ఇచ్చి ఉంటే తప్ప, మీ కుక్క జంప్ చేస్తుంది. కదలిక గెలుస్తుంది. కుక్క కదలికను కనిపెట్టడంలో దిట్ట. మనం పరిగెత్తుతున్నామా, నెమ్మదిస్తున్నామా అన్నది దానికి మొదట తెలుస్తుంది. తర్వాత మనం ఎక్కడున్నాం, మన ఛాతీ, పాదాలు ఎటు తిరిగి ఉన్నాయి, చూపు ఎక్కడుంది, చెయ్యి ఎక్కడుంది. మాట చివర్లో. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. మాటతో మొదలుపెట్టి, మాట పనిచేయకపోతే చెయ్యి ఊపి, అదీ పనిచేయకపోతే అప్పుడు తిరుగుతారు. తిరిగేసరికి కుక్క దాటేసి ఉంటుంది.

మాట నేర్పొద్దని నేను అనడం లేదు. నేర్పండి. ఎడమకు ఒక మాట, కుడికి ఒక మాట, బిగుతుగా తిరగడానికి ఒక మాట. మోకాళ్లు నొప్పిగా ఉండి వేగంగా పరిగెత్తలేనివాళ్లకు అవి ప్రాణం. కానీ మాటకూ ఒంటికీ పొంతన ఉండాలి. రెండూ రెండు చెబితే కుక్క నెమ్మదిస్తుంది. నెమ్మదించిన కుక్కను చూసి "దీనికి హుషారు లేదు" అనుకుంటాం. దానికి హుషారు ఉంది, నమ్మకం లేదు.

ఇక సమయం సంగతి. లెక్క వేద్దాం. పెద్ద కుక్కల కోర్సులో, అంటే అడ్డంకుల వరుసలో, ఒక అడ్డంకికీ తర్వాతి అడ్డంకికీ మధ్య దూరం మామూలుగా 5 నుంచి 7 మీటర్లు. చురుకైన కుక్క సెకనుకు 5 మీటర్లకు పైగా పోతుంది. అంటే ఒక జంప్ దిగి ఇంకో జంప్ ఎక్కడానికి మధ్య మనకున్నది సుమారు ఒక సెకను. ఆ సెకనంతా మనది కూడా కాదు. తిరగాలంటే కుక్క గాల్లోకి లేవకముందే అడుగు కుదించుకోవాలి, బరువు వెనక కాళ్ల మీదకు తెచ్చుకోవాలి, తల తిప్పాలి. దానికి రెండు మూడు అడుగులు పడతాయి. మిగిలింది ఎంత? అందుకే నేను పదే పదే చెబుతాను. ఈ జంప్ తర్వాత తిరగాలన్న సమాచారం, దీని ముందు జంప్ దిగుతున్నప్పుడే మొదలవ్వాలి. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. ఈ జంప్ మలుపు, ముందు జంప్ దిగుతున్నప్పుడే మొదలవ్వాలి. కారులో పక్కన కూర్చుని దారి చెప్పేవాళ్లు మలుపు దాటాక "ఇక్కడ ఎడమకి" అంటే నడిపేవాళ్లు ఏం చేయగలరు? ఆలస్యంగా చెప్పే హ్యాండ్లర్‌తో, అంటే పక్కన పరిగెత్తే మనిషితో, కుక్క పరిస్థితి అదే.

ఆలస్యమైతే ఏమవుతుందో మీకు బార్, అంటే జంప్ మీద అడ్డంగా పెట్టే కర్ర, చెబుతుంది. బార్ పడిన ప్రతిసారీ "కాలు సరిగ్గా ఎత్తలేదు" అని కుక్క మీద వేస్తాం. కుక్క గాల్లో ఉండగా మనం పిలిచామనుకోండి, అది మనకోసం తల తిప్పుతుంది. తల, భుజాలు ఒక పక్కకు తిరిగితే వీపు మెలి తిరుగుతుంది, వెనక కాళ్లు కిందకు జారతాయి. బార్ పడిపోతుంది. 5 ఫాల్ట్‌లు. ఫాల్ట్ అంటే తప్పుకు పడే పాయింటు. ఆ ఫాల్ట్ కుక్కదా? మనం అరిచిన ఆ క్షణానిది. బార్లు ఎక్కువగా పడుతుంటే జంప్ ఎత్తు తగ్గించడానికి ముందు వీడియో తీయించుకోండి. మీ పిలుపు ఎప్పుడు పడిందో, ఆ క్షణంలో కుక్క నాలుగు కాళ్లూ ఎక్కడున్నాయో చూడండి. కుక్కకు ఒంట్లో నొప్పి ఉన్నా బార్లు పడతాయి, అది వెటర్నరీ డాక్టర్ చూడవలసిన సంగతి. ఉన్నట్టుండి జంప్ చేయడానికి వెనకాడే కుక్కను బతిమాలవద్దు, తీసుకెళ్లి చూపించండి.

వెనక వరుసలో ఎవరో అడుగుతున్నారు. కొంచెం గట్టిగా అడగండి. ఆ, "అంత ముందుగా తిరిగితే కుక్క జంప్ వదిలేసి నా వెంట వచ్చేస్తుంది కదా" అంటున్నారు. మంచి ప్రశ్న. ఇక్కడే రెండో సగం ఉంది.

కుక్క "ఈ జంప్ నేను చేస్తాను" అని తేల్చుకునే క్షణం ఒకటి ఉంటుంది. కమిట్ అవ్వడం అంటాం కదా, అది. దాని కళ్లు బార్ మీద పడతాయి, అడుగులు సర్దుకుంటాయి. ఆ క్షణం తర్వాత మనం వెళ్లిపోయినా అది జంప్ పూర్తి చేస్తుంది. ఆ క్షణానికి ముందు వెళ్లిపోతే మన వెంట వస్తుంది. కుక్క ఎంత దూరం నుంచి కమిట్ అవుతుందో, మనకు అంత సమయం దొరుకుతుంది. ఒక కుక్క అడుగు దూరంలో కమిట్ అవుతుంది, ఇంకో కుక్క నాలుగు మీటర్ల నుంచే అవుతుంది. ఈ తేడా జాతి కంటే శిక్షణ వల్లే ఎక్కువగా వస్తుంది. దీన్ని నేర్పడానికి ఒక్క జంప్ చాలు. ఒక్కటే జంప్.

ఎలాగంటే, బార్‌ను నేల మీదో, బాగా తక్కువ ఎత్తులోనో పెట్టండి. కుక్కతో దగ్గరి నుంచి మొదలుపెట్టండి. అది జంప్ వైపు వెళ్లగానే బొమ్మను జంప్ అవతల విసరండి. చేతికి ఇవ్వకండి, అవతల విసరండి. బహుమతి ఎక్కడ దొరుకుతుందో కుక్క అటే చూస్తుంది, ఈ మాట మళ్లీ వస్తుంది. అది ఉత్సాహంగా వెళుతున్నాక, మీరు ఒక అడుగు ముందు ఆగిపోండి. తర్వాత రెండడుగులు. తర్వాత పక్కకు నడవండి. తర్వాత, అది కమిట్ అయిన క్షణంలో వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోండి. అది జంప్ చేసి మీ వెంట వస్తే ఈసారి బొమ్మ మీ చేతి నుంచే దొరకాలి. కుక్క జంప్ వదిలేసి వచ్చిందనుకోండి, మీరు తొందరపడ్డారు. ఏమీ అనకండి. ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. వరుసగా రెండుసార్లు కుదరకపోతే మూడోసారి అదే పని అడగకండి, సులువు చేయండి. నాలుగైదు నిమిషాల్లో ఆపేయండి. కుక్క ఇంకా కావాలంటున్నప్పుడే ఆపడం చాలామందికి చేతకాదు. "ఇంకొక్కసారి" అంటాం. ఆ ఒక్కసారి దగ్గరే చెడుతుంది.

క్రాస్‌లు

ఈ పునాది ఉంటే క్రాస్‌లు తేలిక. లేకపోతే ఎన్ని వీడియోలు చూసినా రావు.

ఫ్రంట్ క్రాస్ అంటే, కుక్కకు ముందుండి, కుక్క వైపే తిరుగుతూ పక్క మార్చుకోవడం. ఎడమ పక్కనున్న కుక్క కుడి పక్కకు వస్తుంది. తిరుగుతున్నంతసేపూ అది మనకు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. మనం తిరగడం వల్ల మన వేగం తగ్గుతుంది, దాన్ని చూసి కుక్క కూడా అడుగు కుదించుకుంటుంది. కాబట్టి బిగుతైన మలుపులకు ఇది బాగుంటుంది. ఎక్కడ చెడుతుంది? రెండు చోట్ల. ఒకటి, కుక్క దిగే చోట మనమే నిలబడతాం. అది మనల్ని తప్పించుకోవడానికి దూరంగా దిగుతుంది, లేదా బార్ పడేస్తుంది. రెండు, ఆలస్యం. మీ క్రాస్ ముగిసేసరికి కుక్క ఇంకా జంప్‌కు ఇవతలే ఉండాలి. అంత సమయం లేదని ముందే తెలిస్తే ఆ చోట ఫ్రంట్ క్రాస్ పెట్టుకోకండి. ఇష్టమైన క్రాస్ అని ప్రతి చోటా అదే పెట్టుకుంటే కుదరదు.

బ్లైండ్ క్రాస్‌లో కుక్కకు వీపు చూపిస్తూ పక్క మారతాం. క్షణంసేపు అది మనకు కనిపించదు. తల తిప్పి రెండో భుజం మీదుగా దాన్ని అందుకుంటాం. మన పరుగు ఆగదు కాబట్టి తిన్నగా, వేగంగా సాగే చోట్ల ఇది మేలు. ఇందులో ప్రాణం లాంటి సంగతి ఆ చూపు. కొత్త పక్కకు తల తిప్పి కుక్క కళ్లలోకి చూడాలి. చూడకపోతే ఎటు రావాలో దానికి తెలియదు, పాత పక్కకే వస్తుంది. చెయ్యి ఊపితే సరిపోదు. నిజానికి ఆ చెయ్యి ఎత్తుగా లేస్తే ముఖాన్నే కప్పేస్తుంది. చెయ్యి కిందకు, వెనక్కి ఉంచండి, చూపు కుక్క మీద పెట్టండి.

ఇక రియర్ క్రాస్. దీనంటే భయపడేవాళ్లు ఎక్కువ, దీని అవసరం ఎక్కువ పడేదీ వాళ్లకే. కుక్క మనకంటే ముందుంది, మనం దాని వెనక నుంచి దాటి పక్క మార్చుకోవాలి. కుక్క ఎడమన ఉంటే, దాని వెనక నుంచి ఎడమకు దాటుతాం, అది ఎడమకు తిరుగుతుంది. ఇది దానికి ఎలా తెలుస్తుంది? మనం రెండు మూడు అడుగుల ముందు నుంచే దాని దారి వైపు ఏటవాలుగా పరిగెత్తడం మొదలుపెడతాం. ఆ ఒత్తిడి దానికి తెలుస్తుంది. అది ఏ కాలు మీద లేవాలో, ఎటు దిగాలో దానితోనే నిర్ణయించుకుంటుంది. కుక్క కమిట్ కాకముందే దాటితే వెనక్కి తిరిగి చూస్తుంది, జంప్ ముందు గిరగిరా తిరుగుతుంది, రెఫ్యూజల్, అంటే అడ్డంకి చేయకుండా ఆగిపోయిన తప్పు, పడుతుంది. జంప్ దాటాక దాటితే అది అప్పటికే తప్పు వైపు దిగి ఉంటుంది. అందుకే జంప్‌తో మొదలుపెట్టకండి. నేల మీద మొదలుపెట్టండి. కుక్క ముందు నడుస్తుండగా వెనక నుంచి దాటండి, అది కొత్త వైపు తల తిప్పగానే ఆ వైపే ట్రీట్ ఇవ్వండి. రెండు వైపులా చేయండి. ప్రతి కుక్కకూ ఒక వైపు సులువు, ఒక వైపు కష్టం. మనకూ అంతే.

ఏ క్రాస్ ఎక్కడ అని అడుగుతారు. దానికి సూత్రం చిన్నది. ఆ చోటికి మీరు కుక్కకంటే ముందు చేరగలిగితే ఫ్రంట్ లేదా బ్లైండ్. చేరలేకపోతే రియర్. నిజాయితీగా ఆలోచించుకోండి. ఎవరో పెద్ద ఆటగాడు ఆ చోట బ్లైండ్ పెట్టాడంటే ఆయన కాళ్లు వేరు, మీ కాళ్లు వేరు.

బహుమతి గురించి

ఇందాక ఒక మాట మళ్లీ వస్తుందన్నాను. ట్రీటో బొమ్మో ఎంత మంచిదన్నదాని కంటే అది ఎక్కడ దొరికిందన్నది కుక్కకు ఎక్కువ నేర్పుతుంది. ఎప్పుడూ మీ జేబులోంచి, మీ చేతిలోంచి దొరికితే కుక్క మీ చేతినే చూస్తూ పరిగెత్తుతుంది, అడ్డంకులను చూడదు. ఎప్పుడూ ముందుకు విసిరితే తిరగడం మర్చిపోతుంది. తిన్నగా వెళ్లే వరుసలకు ముందుకు విసరండి. మలుపులకు మీ కాలి పక్కన ఇవ్వండి. వీవ్ పోల్స్‌కు, అంటే కుక్క అటూ ఇటూ ఊగుతూ దాటే కర్రల వరుసకు, చివరి పోల్ దాటాక, కుక్క వెళుతున్న గీత మీదే పడాలి. మీ వైపు పడితే అది చివరి పోల్ వదిలేసి మీ వైపు వచ్చేస్తుంది.

ఇంకొకటి, ఇది నాకు అన్నింటికంటే ముఖ్యం. మీరు తప్పు చెప్పారు, కుక్క మీరు చెప్పిందే చేసింది. అప్పుడు ఏం చేయాలి? బహుమతి ఇవ్వాలి. ఎందుకు ఇవ్వాలి? అది నమ్మి వెళ్లింది కాబట్టి. మనం ఏం చేస్తాం? టక్కున ఆగిపోతాం. చేతులు కిందకు వాలుస్తాం. నిట్టూరుస్తాం. కుక్కకు ఇదంతా శిక్షే. అది మన మొహం చదువుతుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఐదోసారి అది ప్రతి జంప్ ముందూ మన వైపు తిరిగి "ఇదేనా? ఇది చేయమంటారా?" అని అడగడం మొదలుపెడుతుంది. వేగం పోతుంది. కొన్ని కుక్కలు నేల వాసన చూస్తూ పక్కకు వెళ్లిపోతాయి. అది మొండితనం కాదండి, టెన్షన్. ఇంకొన్ని మొరుగుతూ మీద పడతాయి, చొక్కా చేతులు పట్టుకు లాగుతాయి. అవి సమాచారం అందని వేగమైన కుక్కలు. దయచేసి వాటిని తిట్టకండి. ప్రాక్టీసులో తప్పు జరిగితే పరుగు ఆపకండి, రెండు అడ్డంకులు అలాగే పూర్తి చేయించి బహుమతి ఇవ్వండి. తర్వాత కుక్కను పక్కన కూర్చోబెట్టి, మీరు ఒక్కరే ఆ చోటికి వెళ్లి మీ పాదాలు సరిచేసుకోండి.

కాంటాక్ట్‌లు, సీసా, వీవ్ పోల్స్

ఏ-ఫ్రేమ్ అంటే రెండు వాలు పలకలు పైన కలిసే అడ్డంకి, డాగ్ వాక్ అంటే ఎత్తైన సన్నటి వంతెన, సీసా అంటే ఊగే తూగుడు పలక (see-saw). కాంటాక్ట్‌లంటే ఇవే. ఈ మూడింటి చివర్లలో వేరే రంగు వేసిన భాగం ఉంటుంది. ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కుక్కల సమాఖ్య) నియమాల్లో డాగ్ వాక్‌కు, సీసాకు ఆ భాగం పొడవు 90 సెంటీమీటర్లు. దిగేటప్పుడు కుక్క పాదం అందులో పడాలి. పడకపోతే 5 ఫాల్ట్‌లు. పెద్ద కుక్కల ఏ-ఫ్రేమ్ కొన ఎత్తు 1.70 మీటర్లు. డాగ్ వాక్ 1.20 మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడి నుంచి కుక్క పూర్తి వేగంతో నేల మీదకు దూకితే దాని భుజాలు, మణికట్లు ఏమవుతాయి? ఆ రంగు దాని కీళ్ల కోసం ఉంది. అందుకే పోటీలకు వెళ్లనివాళ్లు కూడా దీన్ని గట్టిగా నేర్పాలి.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, ముందు రెండు కాళ్లూ నేల మీద, వెనక రెండు కాళ్లూ పలక మీద పెట్టి ఆగే పద్ధతి. చివరి నుంచి మొదలుపెట్టాలి. నేల మీద ఒక చిన్న పలక చాలు. ఆ భంగిమ వచ్చాక డాగ్ వాక్ కింది కొస, అక్కడి నుంచి కొంచెం పైకి, చివరికి మొత్తం. కుక్క అక్కడ ఆగాక మీరు ముందుకు పరిగెత్తండి, పక్కకు వెళ్లండి, వెనక ఉండిపోండి. విడుదల మాట వినేదాకా అది కదలకూడదు. పోటీలో తొందరపడి మాట చెప్పకుండా ముందుకు లాగేస్తారు, రెండు మూడు పోటీలకే ఆ అలవాటు కరిగిపోతుంది. ఆగకుండా పరిగెత్తుతూ దిగే పద్ధతి కూడా ఉంది. అది వేగం, చూడ్డానికి అందం. కానీ దానికి చాలా ఎక్కువ సాధన కావాలి, ఏ అడుగు సరైనదో కంటితో ఆ క్షణంలోనే పట్టుకోగలగాలి. మొదటి కుక్కతో వద్దంటాను.

సీసా గురించి తొందరపడకండి. కుక్కలు సీసా ఎత్తుకు భయపడవు, కాళ్ల కింద పలక కదలడానికీ, అది నేలకు కొట్టుకునే చప్పుడుకూ భయపడతాయి. ఆ రెండింటినీ విడివిడిగా నేర్పండి. పలక కింద మెత్తటి దిండు పెట్టి, కొంచెం మాత్రమే కదిలేలా చేసి, చప్పుడైతే ట్రీట్ వస్తుందని నేర్పండి. చప్పుడు తనే చేయాలని కుక్క ఉబలాటపడే దాకా ఆగండి. కాలర్ పట్టుకుని ఎక్కించడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక్కసారి హడలిన కుక్కను మళ్లీ ఎక్కించడానికి నెలలు పట్టవచ్చు.

వీవ్ పోల్స్‌లో పోటీకి 12 పోల్స్, మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ఎటు నుంచి వచ్చినా మొదటి పోల్ కుక్క ఎడమ భుజం పక్కన ఉండాలి. ఎంట్రీ అంటే ఇదే. లోపలికి వెళ్లాక ఊగడం కుక్క త్వరగానే నేర్చుకుంటుంది. అసలు పని ఎంట్రీదే. పోల్స్‌ను రెండు వరుసలుగా ఎడంగా పెట్టి, మధ్యలో దారి వదిలి, రోజురోజుకూ దగ్గర చేస్తూ నేర్పేవాళ్లు ఉన్నారు. రెండేసి పోల్స్‌తో మొదలుపెట్టి జతలు పెంచేవాళ్లు ఉన్నారు. నాకు రెండోది ఇష్టం, ఎందుకంటే ఎంట్రీ ఎక్కడుందో వెతుక్కోవడం కుక్క మొదటి రోజు నుంచే నేర్చుకుంటుంది. గడియారం ముల్లు తిరిగినట్టు అన్ని వైపుల నుంచీ పంపండి. తర్వాత మీరు ముందుండి పరిగెత్తండి, వెనకబడండి, దూరంగా జరగండి. మీరు ఏం చేసినా అది తన పని తాను పూర్తి చేయాలి. కానీ రోజుకు కొద్దిసార్లే. వెన్ను అటూ ఇటూ ఊగే పని ఇది.

పిల్లకుక్కలు ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లకో మాట. ఎముకల చివర ఉండే ఎదిగే భాగం గట్టిపడేదాకా పూర్తి ఎత్తు జంప్‌లు, వీవ్ పోల్స్ వద్దు. జాతిని బట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, బాగా పెద్ద జాతులకు ఇంకా ఎక్కువ. ఎఫ్‌సీఐ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను ఎందుకు రానివ్వరో అర్థమైంది కదా. ఆ లోపు చేయవలసినవి బోలెడు ఉన్నాయి. టగ్ (బొమ్మను చెరో పక్క పట్టి లాగే ఆట) ఆడటం, పిలిస్తే రావడం, నేల మీద పెట్టిన బార్ల మీదుగా నడవడం, కోన్ చుట్టూ తిరిగి రావడం, పొట్టి టన్నెల్, వెనక్కి నడవడం. మీ పక్కన రెండు వైపులా పరిగెత్తడం, మీరు తిరిగితే తిరగడం. నిజానికి మీ క్రాస్‌లన్నీ ఒక్క జంప్ కూడా లేకుండా నేర్పేయవచ్చు.

స్టార్ట్ లైన్ దగ్గర ఒక్క సంగతి. కుక్కను కూర్చోబెట్టి మనం ముందుకు వెళ్లే అవకాశం అక్కడే ఉంది. సమయం లేదు, సమయం లేదని ఇంతసేపూ చెప్పాను కదా, ఆటలో మనకు ఉచితంగా దొరికే సమయం అదొక్కటే. కుక్క మాటకు లేవాలి, మీ చెయ్యి కదిలితే లేవకూడదు. ఒకసారి నిలబడి, చెయ్యి ఊపి, మాట చెప్పకుండా చూడండి. లేచిందా? అయితే ఇన్నాళ్లూ మీరు చెయ్యి, మాట కలిపి వాడుతున్నారు. మాట ముందు, ఒక క్షణం ఆగి కదలిక. అలా విడదీయండి.

చివరిగా కోర్స్ వాక్. పోటీకి ముందు కుక్క లేకుండా కోర్సు నడిచి చూసుకోవడానికి కొద్ది నిమిషాలు ఇస్తారు. చాలామంది అంకెలు చూసుకుంటూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ గడిపేస్తారు. మొదటి చుట్టు కుక్క దారిలో నడవండి. మీ దారి కాదు, కుక్క దారి. ప్రతి జంప్ దిగే చోట నిలబడి, మోకాళ్లు వంచి దాని ఎత్తు నుంచి చూడండి. అక్కడి నుంచి ఏం కనిపిస్తోంది? తర్వాతి జంపా, తప్పు టన్నెలా? జడ్జి ఉచ్చులు అక్కడే ఉంటాయి. రెండో చుట్టు మీ దారి. ఎక్కడ క్రాస్, ఏ క్షణంలో తిరుగుతారు, ఆ క్షణానికి కుక్క ఎక్కడ ఉంటుంది. మూడో చుట్టు పరిగెత్తండి, చేతులతో సహా, నోటితో మాటలతో సహా, లేని కుక్కను చూస్తూ. ఎవరైనా నవ్వినా పర్వాలేదు. తర్వాత పక్కకు వచ్చి కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా మనసులో పరిగెత్తండి. ఎక్కడ తడబడ్డారో అక్కడికి మళ్లీ వెళ్లండి.

సరే, ఇక మైదానంలోకి వెళదాం. అక్కడ మూడు జంప్‌లు, ఒక టన్నెల్ పెట్టి ఉన్నాయి. ఇద్దరిద్దరుగా జట్టు కట్టండి. కుక్కలను ఇప్పుడే తేవద్దు. ఒకరు కుక్కలాగా నడుస్తారు, ఇంకొకరు హ్యాండిల్ చేస్తారు. మాట్లాడకూడదు. కుక్కగా ఉన్నవాళ్లు హ్యాండ్లర్ పాదాలు, ఛాతీ ఎటు చూపిస్తే అటే వెళ్లాలి, మీకు తెలిసిన వరుస ప్రకారం సాయం చేయకండి. తప్పు వైపు వెళ్లాల్సి వస్తే వెళ్లిపోండి, ఎందుకు వెళ్లారో అప్పుడే చెప్పండి. ఫోన్‌లో వీడియో తీసేవాళ్లు హ్యాండ్లర్ నడుము నుంచి కిందకు కనిపించేలా తీయండి. అందరూ రెండు వైపులా కుదిరించాక కుక్కలను వార్మప్ చేసి తీసుకొద్దాం. నెమ్మదిగా నడక, తర్వాత చిన్న పరుగు, రెండు వైపులా గుండ్రంగా తిప్పడం, అప్పుడు తక్కువ ఎత్తు జంప్. పెద్ద కుక్కలకు కూడా ఈ పూట బార్ కిందే ఉంటుంది.